రెక్క కింద తెల్ల నెయిల్ పాలిష్

ఆ రోజుల్లో నాకు తెలియని విషయం భూమ్మీద ఒక్కటి కూడా లేదు. విమానాల మరమ్మతు చదువు ముగించి అప్పటికి నాలుగు నెలలైంది. (ముగించాను అంటే లైసెన్సు వచ్చిందని కాదు. దానికి ఇంకా పరీక్షలున్నాయి, అనుభవం కావాలి. ఈ చిన్న తేడా నేను ఊళ్లో ఎవరికీ చెప్పలేదు.) మాది కోట్‌పల్లి దగ్గర పల్లె. మా తాత గొర్లు కాశాడు. నాయిన గొర్లూ కాస్తాడు, కందీ వేస్తాడు. అలాంటి ఇంట్లోంచి విమానాల దగ్గరికి వెళ్లాను గనక ఊరంతా నన్ను ‘ఇమానం పిల్ల’ అనేది. “మా బిడ్డ ఇమానం నడుపుతది” అని నాయిన చాయ్ హోటల్లో చెప్పుకొనేవాడు. నడపను, రిపేరు చేస్తానని ఒకసారి సరిదిద్దితే ఆయన ముఖం చిన్నబోయింది. “రిపేరు మీ మామ గూడ చేస్తడు గదనే” అన్నాడు. ఆ మాట నాకు చురుక్కుమని తగిలింది. మా మామ, అంటే అమ్మ తమ్ముడు, తాండూరులో బండలకు పాలిష్ పట్టే మిషన్లు బాగు చేస్తాడు. పొద్దస్తమానం నీళ్లు, రాతి బురద, తుప్పు. గాలిలో రెక్క ఎందుకు లేస్తుందో లెక్కగట్టి చెప్పగల నన్ను ఆయనతో పోలుస్తారా అని రెండు రోజులు అన్నం మానేశాను. (రెండు రోజులు కాదు, ఒక పూట.)

నేను చేరింది వికారాబాద్ అవతల ఒక ప్రైవేటు ఫ్లయింగ్ స్కూల్లో. ఒక రన్‌వే, ఒక రేకుల హ్యాంగరు, రెండు చిన్న విమానాలు, అంతే. యజమానిని మేం ‘తెల్లబూట్ల సార్’ అనుకొనేవాళ్లం. ఆయన బూట్లకు ఏ కాలంలోనూ మట్టి అంటేది కాదు, ఎందుకంటే పని జరిగే చోటికి ఆయన ఏ కాలంలోనూ వచ్చేవాడు కాదు. హ్యాంగరు విమానాల కంటే పెళ్లికి ముందు తీసే ఫొటోలకు బాగా పనికొస్తుందని కనిపెట్టిన మేధావి ఆయన. కాబోయే జంటలు రెక్క కింద చేతులు పట్టుకొని పరుగెత్తేవాళ్లు, పైనుంచి ఎవరో గులాబీ రేకులూ తళుకు కాగితాలూ చల్లేవాళ్లు. వాళ్ల లైట్లకు, పందిళ్లకు చోటు కావాలని నాలుగు సీట్ల విమానాన్ని బయటికి నెట్టేశారు. అది వానాకాలమంతా వానలోనే నిలబడింది. విమానాన్ని తడవనీయొద్దని మా ఇంజనీరు మూడు ఉత్తరాలు రాశాడు. ఆఫీసులో ఆ మూడింటినీ ఎంతో పదిలంగా, తడవకుండా, ఫైల్లో పెట్టారు.

ఆ ఇంజనీరే అద్దాల సార్. వైమానిక దళంలో పనిచేసి రిటైరై వచ్చిన పెద్దమనిషి. అక్కడ లైసెన్సు ఉన్నది ఆయన ఒక్కడికే. ఆయన సంతకం లేనిదే విమానం లేవకూడదు. వానలు తగ్గాక ఆ నాలుగు సీట్ల విమానానికి, వంద గంటలు ఎగిరాక చేయాల్సిన తనిఖీ వచ్చింది. ఆదివారం స్కూలు వార్షికోత్సవం. ముఖ్య అతిథిని అందులో ఎక్కించి అనంతగిరి గుట్టల మీద తిప్పుతానని తెల్లబూట్ల సార్ అప్పటికే కార్డులు కొట్టించేశాడు. రెక్కల కింద పది మూతలుంటాయి. ఒక్కొక్క దాన్ని ఎనిమిదేసి స్క్రూలు పట్టుకొని ఉంటాయి. వాటిని విప్పి, లోపల తీగెలూ గిరకలూ చూసి, మళ్లీ మూయాలి. ఆ పని నాకప్పగించి అద్దాల సార్ రెండే మాటలు చెప్పాడు. “స్క్రూడ్రైవరు మొనకు కొత్త బిట్టు పెట్టు. రానిదానికి నూనె ఏసి రేపటిదాక ఆగు.” అని ఆయన ఇంజను పనిలో పడ్డాడు.

ఆగడమా! మూడు రోజుల పనిని ఒక్కరోజులో చేసి ఆయన అద్దాలు అదిరేలా చెయ్యాలని నా పట్టుదల. చేతి డ్రైవరు పక్కన పెట్టి బ్యాటరీ డ్రైవరు అందుకొన్నాను. తొమ్మిది మూతలు బాగానే వచ్చాయి. పదోదానికి ఐదు స్క్రూలు వచ్చి మూడు మొండికేశాయి. నూనె వేశాను, పది నిమిషాలు ఆగాను (నా దృష్టిలో అది చాలా ఎక్కువ), బటన్ నొక్కాను. గర్ర్ మని ఒక చప్పుడు, కాస్త ఇనుప పొడి. స్క్రూ తలమీద ఉండాల్సిన ప్లస్ గాడి అరిగిపోయి కుంకుమ భరిణెలా నున్నగా, గుండ్రంగా తేలింది. తెలివైనవాళ్లు అక్కడ ఆగుతారు. నేను మిగతా రెండింటిని కూడా భరిణెలు చేశాను. తర్వాత ఫోన్లో వీడియోలు చూసి రబ్బరు బ్యాండు పెట్టి తిప్పాను. బ్యాండు తెగింది. చివరికి అరిగిన స్క్రూలో రంధ్రం చేసి దింపి, ఎదురు మరతో పట్టి లాగే చిన్న ఉక్కు పుల్ల ఒకటుంటుంది, అది తెచ్చి దింపి బలమంతా పెట్టాను. టప్పుమంది. స్క్రూ వచ్చిందని సంతోషించేలోపే అర్థమైంది, పుల్ల విరిగి లోపలే ఉండిపోయిందని. మామూలు డ్రిల్లు బిట్టుకు లొంగని గట్టి ఉక్కు అది. అంటే రోగానికి మందు వేయబోయి మందునే కొత్త రోగం చేశాను.

అప్పటికి శుక్రవారం మధ్యాహ్నం దాటింది. నా బ్యాగులో తెల్ల నెయిల్ పాలిష్ సీసా ఉంది. తాండూరులో మామ కూతురి పుట్టినరోజు, తెల్లదే కావాలని మా మరదలు పట్టుబట్టింది. రెక్క రంగూ తెలుపే. నేను రెక్క కింద వెల్లకిలా పడుకొని ఆ మూడు స్క్రూల తలల మీద రెండేసి పూతలు చక్కగా పూశాను. ఊదాను కూడా. తర్వాత కాగితం తీసి పదో మూత ఎదురుగా ‘తెరిచాను, చూశాను, మూశాను’ అన్న మూడు గళ్లలోనూ టిక్కులు పెట్టి పొట్టి సంతకం చేశాను. తెరవని మూతను మూశానని రాయడానికి నాకు అరనిమిషం కూడా పట్టలేదు. ఇది నవ్వించే కథే గాని, ఈ వాక్యం దగ్గర నాకు ఇప్పటికీ నవ్వు రాదు.

సాయంత్రం వికారాబాద్‌లో రైలెక్కి తాండూరు చేరాను. మరదలు సీసా విప్పి వెలుగుకు ఎత్తి చూసింది. “వదినా, ఇది సగమే ఉన్నదేంది? నువ్వు ఏసుకున్నవా?” అని నా చేతులు పట్టుకొని గోళ్లు చూసింది. గోళ్ల సందుల్లో గ్రీజు తప్ప ఏమీ లేదు. మంచం మీద కూర్చొని పాయసం తింటున్న మామ తలెత్తాడు. ఆయన చూపుకు నా నోరు దానంతటదే తెరుచుకొంది. అంతా చెప్పేశాను.

“నూనె ఏసి ఎంతసేపు ఆగినవ్?” అన్నాడు మామ.

“పది నిమిషాలు.”

“గొర్లు కాసే ఇంట్ల పుట్టినవ్, ఆగుడు రాదానే కోడలా నీకు?” అని నవ్వి, అంతలోనే నవ్వు ఆపాడు. “గా మూత లోపల ఏముంటది?”

“రెక్క చివర ఒక రెప్ప ఉంటది మామా. దాన్ని కదిలించే తీగెలు, గిరకలు. గది కదిలితేనే ఇమానం పక్కకు ఒరుగుతది.”

“గది పట్టేస్తే?”

ఆ ప్రశ్నకు పరీక్షలో నేను నాలుగు పేజీల జవాబు రాశాను. మామ ముందు మాత్రం గోళ్ల సందుల్లో గ్రీజు గీక్కొంటూ కూర్చొన్నాను.

“నా తాన స్క్రూ తప్పుతే బండ పలుగుతది. ఇంకో బండ పెడ్త” అన్నాడు మామ. గిన్నె కడిగి బోర్లించి, సంచీలో పనిముట్లు సర్దుకొన్నాడు. “పొద్దుగాల ఫస్ట్ బండికి పోదాం.”

శనివారం మేం వెళ్లేసరికి హ్యాంగరు ముందు వింత కనిపించింది. తెల్లబూట్ల సార్ స్వయంగా విమానం దాకా నడిచొచ్చాడు. “రేపు పెద్ద పెద్దోళ్లు వస్తుండ్రు సార్. జర సంతకం పెట్టేస్తే నాకు ఫికర్ ఉండది” అంటున్నాడు. అద్దాల సార్ కలం మూత తీసి ఉంది. నన్ను చూసి, “వచ్చినవా అమ్మా, పది మూతలూ తీసి చూసినవ్ గదా?” అన్నాడు.

అవునంటే అంతటితో అయిపోయేది. నా వెనక మామ సంచీ పట్టుకొని నిలబడ్డాడు.

“తొమ్మిదే తీసిన సార్. పదోది తీయలే. తీసినట్టు రాసిన.”

అద్దాల సార్ కలానికి మూత పెట్టాడు. రెక్క కిందికి వంగి, తెల్లటి చుక్కను గోటితో గీకాడు. పొరలా ఊడొచ్చింది. “ఏం పెయింటమ్మా ఇది?”

“నెయిల్ పాలిష్ సార్.”

“రంగు బాగ కలిసింది” అన్నాడాయన. ఆ మాట కంటే చెంపదెబ్బ నయం.

తెల్లబూట్ల సార్ కూడా వంగి చూశాడు. “నిజంగనే మస్తు కలిసింది. నేను గూడ గుర్తువట్టలే. గట్లనే ఉంచరాదు సార్? గింత పెద్ద ఇమానంల మూడు స్క్రూలు ఓ లెక్కనా?” అన్నాడు. ఆయన ఎగతాళి చేయడం లేదు. మనస్ఫూర్తిగానే అడిగాడు.

“రేపు మీరు గూడ ఎక్కుతరా అండ్ల?” అని అడిగాడు మామ, ఎంతో మర్యాదగా.

తెల్లబూట్ల సార్‌కు ఆ క్షణంలో ఆఫీసులో ఏదో అర్జెంటు పని గుర్తొచ్చింది.

మామ ఎవరో, ఎందుకొచ్చాడో విని అద్దాల సార్ కాసేపు ఆలోచించాడు. “ఇమానం మీద బయటోళ్లు చెయ్యి పెట్టొద్దు. రూలు. చెయ్యి ఈ పిల్లది, మాట నీది, జిమ్మేదారి నాది. సరేనా?” అన్నాడు. మామ రెండు చేతులూ వెనక్కి కట్టుకొన్నాడు. నేను మళ్లీ వెల్లకిలా పడుకొన్నాను. మామ తన సంచీలోంచి నాతో ఒక పొట్లం తీయించాడు. బండలకు పాలిష్ పట్టే గరుకు పొడి. దాన్ని చుక్క నూనెతో తడిపి కొత్త బిట్టు మొనకు పులమమన్నాడు. జారే చోట అది పళ్లలా పట్టుకొంటుందట. “ఇప్పకు. ముందుగాల జర్రంత బిగించు.”

“బిగించాలా? ఇప్పాల్సినదాన్నా?”

“తుప్పు ఇరగాలె గదనే. బిగించు, అటెన్క ఇప్పు. కిందికెల్లి నీ బరువంత ఆనిచ్చు.”

భుజం మొత్తం ఆనించి రవ్వంత బిగించాను. కటుక్కుమంది. వెనక్కి తిప్పితే కిర్రుమంటూ మొదటి స్క్రూ కదిలింది. రెండోదానికి నూనె వేసి రెండు గంటలు ఊరికే కూర్చోబెట్టారు నన్ను. (నా జీవితంలో అంత కష్టమైన పని అంతకుముందు చేయలేదు.) అదీ వచ్చింది. మూడోది, విరిగిన పుల్ల ఉన్నది, అసలు పరీక్ష. గట్టి ఉక్కు పెళుసుగా ఉంటుందని, సన్న ములుకు పెట్టి మెల్లగా కొడితే ముక్కలవుతుందని మామ చెప్పాడు. సుత్తి నేను కొడుతుంటే ఆయన భుజాలు ఎగిరిపడుతున్నాయి. ఒకసారి ఆగలేక ఆయన కుడిచెయ్యి ముందుకొచ్చింది. “చెయ్యి!” అన్నాడు అద్దాల సార్. మామ దొంగతనంగా బెల్లం తీయబోయి దొరికినవాడిలా చెయ్యి లాక్కొన్నాడు. పుల్ల ముక్కలు రాలాక స్క్రూ తలను మాత్రం నిదానంగా డ్రిల్లు చేసి ఊడగొట్టాను. మూత చేతిలోకి వచ్చింది. తల లేని స్క్రూ మొండెం పైకి నిలబడితే దాన్ని పటకారుతో బిగించి పట్టి, బిగిస్తూ విప్పుతూ, విప్పుతూ బిగిస్తూ బయటికి లాగాను. రెక్కకు అంటిన పాలిష్ పొడిని గింజ గింజా అద్దాల సార్ నాతో తుడిపించాడు.

మూత ఊడినప్పుడే రంధ్రంలోంచి నా ముఖం మీద ఎండిన గులాబీ రేకులు రాలాయి. పొడి తుడిచాక టార్చి వేసి చూశాను. లోపల ఎలుక గూడు. ఎవరి పెళ్లి ఫొటోల్లోవో తళుకు కాగితాలు, రిబ్బను ముక్కలు, దూది, అన్నీ ఏరి తెచ్చి ఎంతో ముచ్చటగా అల్లుకొంది. బంగారు రంగు జరీ దారం ఒకటి ఆ గూట్లోంచి సాగి గిరకకు పది చుట్లు చుట్టుకొని, తీగె పక్కన ఇరుక్కొని ఉంది. అద్దాల సార్ లోపల కూర్చొని రెప్ప కదపబోతే సగం దాకా వచ్చి బిగుసుకొంది. ఆదివారం గాలిలో అది అట్లా బిగుసుకొంటే ఏమయ్యేదో ముగ్గురికీ తెలుసు. నేను ఆ జరీ దారాన్ని ఒక్కొక్క చుట్టే విప్పడం మొదలుపెట్టాను.

అద్దాల సార్ సంతకం పెట్టలేదు, ఆదివారం విమానం ఎగరలేదు. ముఖ్య అతిథి వచ్చాడు, రెక్క పక్కన ఫొటో దిగాడు, భోంచేశాడు. తెల్లబూట్ల సార్ ఆ ఎలుక గూడును స్టీలు పళ్లెంలో పెట్టించి అందరికీ చూపిస్తూ, “మా దగ్గర భద్రత విషయంల నేను ఎవ్వరి మాట ఇనను” అని ఉపన్యాసమిచ్చాడు. చప్పట్లు బాగా పడ్డాయి. శాలువా కూడా ఆయనకే పడింది. అద్దాల సార్ చివరి వరసలో పెరుగన్నం కలుపుకొంటున్నాడు. మామ అయితే శనివారమే వెళ్లిపోయాడు, తాండూరులో ఏదో మిషన్ ఆగిందని ఫోనొస్తే. నన్ను ఉద్యోగంలోంచి తీసేస్తారనుకొన్నాను. అద్దాల సార్ తీయనీయలేదు. పాత కాగితం నా ముందు పెట్టి, “గీకొద్దు, చింపొద్దు. ఆ టిక్కుల మీద అడ్డగీత కొట్టి, నువ్వు ఏం చేసినవో కింద నీ చేత్తోనే రాయి” అన్నాడు. రాశాను. సంతకం ఈసారి పొడుగ్గా, పూర్తి పేరుతో పెట్టాను. ఆ తర్వాత ఆరు నెలలు నాకు స్క్రూలు విప్పడం తప్ప వేరే పని చెప్పలేదు ఆయన.

ఇప్పుడు నాకు లైసెన్సుంది, వేరే ఊళ్లో వేరే హ్యాంగరుంది, నాకూ అద్దాలొచ్చాయి. పోయిన నెల ఒక స్క్రూ మొండికేస్తే నూనె వేసి, చాయ్ తెచ్చుకొని, రెక్క నీడలో స్టూలు మీద కూర్చొన్నాను. అట్లా కూర్చొన్నప్పుడల్లా ఆ ఇరవై రెండేళ్ల పిల్ల, అంటే అప్పటి నేను, కళ్లముందుకొస్తుంది. ఒకప్పుడు ఆ పిల్లను తలచుకొంటే సిగ్గుతో చచ్చిపోయేదాన్ని. ఈ మధ్య కొంచెం జాలి, చాలా ముద్దు. పక్కన కూర్చోబెట్టుకొని, కాసేపు ఆగవే తల్లీ అని చెప్పాలనిపిస్తుంది. చెప్పినా వినేది కాదు. నా చాయ్ చల్లారిపోయేదాకా, తుప్పులో ఎన్ని రకాలుంటాయో నాకే పాఠం చెప్పేది.