అవ్వ కోసం ఏడుపు నేర్చుకున్న బ్యాండు

ఆ రోజుల్లో మాకు కోపానికి కొదవ లేదు, కారణాలకే కరువు. కాలనీకి నీళ్ళ ట్యాంకర్ రాకపోయినా, కాలేజీ క్యాంటీన్‌లో సాంబారు పల్చగా ఉన్నా, వెంటనే వ్యవస్థ మీద ఓ పాట కట్టేసేవాళ్ళం. దానికి పంక్ అని పేరు. అదేమిటని మా అమ్మ ఒకసారి అడిగితే, "గొంతు పోయేదాకా అరవడమే అమ్మా" అని నాకు తెలిసినంతలో చెప్పాను. "దానికి అంతదూరం వెళ్ళడం ఎందుకురా, మీ నాన్నగారి పక్కన కాసేపు కూర్చో, ఊరికే నేర్పుతారు" అంది. కోస్తా నుంచి ఉద్యోగం మీద వచ్చి దుండిగల్ కొత్త కాలనీలో స్థిరపడ్డ కుటుంబం మాది. మా ఇంట్లో సంగీతమంటే పొద్దున టీవీలో భక్తి పాటలు, సాయంత్రం కుక్కర్ కూతలు. అలాంటి ఇంట్లో పుట్టిన నేను ఆదివారం వచ్చిందంటే గిటార్ వీపుకు తగిలించుకుని, షేర్ ఆటోలో ఎవరి ఒళ్ళోనో సగం కూర్చుని, మచ్చ బొల్లారంలోని ఓ రేకుల ఇంటికి పోయేవాణ్ణి. (గిటార్‌కి కూడా చార్జీ ఇవ్వమని ఆటో డ్రైవర్లు అడిగేవారు. అది నా ఒళ్ళో కూర్చుందనే నా వాదన ఏనాడూ గెలవలేదు.)

ఆ ఇల్లు మా గాయకుడిది. చలికాలం పొద్దున్నే స్టార్ట్ కాని పాత ఆటోలాంటి గొంతు వాడిది, అందుకే అందరం డీజిల్ అనేవాళ్ళం. డ్రమ్స్ కొనే స్తోమత ఎవరికీ లేదు కాబట్టి శామీర్‌పేట నుంచి మా మూడోవాడు, పొడుగోడు, డప్పు తెచ్చేవాడు. వాళ్ళ చిన్నాయన పెళ్ళిళ్ళకూ చావులకూ కొట్టే మనిషి, ఆయన దగ్గర నేర్చుకున్న చెయ్యి. మాలో నిజంగా వాయించడం వచ్చినవాడు వాడొక్కడే. నేను గిటార్, డీజిల్‌కి ఊపిరి అందనప్పుడు వంతపాట. స్పీకరు పాత ఇనుప సామాన్ల బండి మీద ఏళ్ళ తరబడి తిరిగి రిటైరైనది. మమ్మల్ని ఏ హాలువాడూ రానివ్వడు కాబట్టి డీజిల్ వాళ్ళ ముందుగదే మా హాలు. కిటికీకి పరుపు అడ్డం పెట్టి, చాపలు పరిచి, గ్రూపులో కబురు పెడితే కాలేజీ పిల్లలు వచ్చి మోకాళ్ళు మోకాళ్ళు తగిలేలా కూర్చునేవాళ్ళు. గుమ్మం ముందు చెప్పులు కుప్ప పడేవి. ఆదివారం కూడా డ్యూటీ ఉన్న డీజిల్ వాళ్ళ నాయిన కంపెనీ బస్సు తోలుకుంటూ వెళ్ళిపోయేవాడు. వాళ్ళమ్మ మాత్రం వంటింటి గడప దగ్గర కుట్టుమిషన్ తొక్కుతూ, మా పాట అయ్యేదాకా తల కూడా ఎత్తేది కాదు. ఆ మిషన్ చప్పుడుకి మా తాళం తప్పుతోందని నేను ఒకసారి మర్యాదగా చెప్పబోతే, తప్పేది మాదేనని పొడుగోడు తేల్చేశాడు.

లోపలి గదిలో మంచం మీద డీజిల్ వాళ్ళ అవ్వ ఉండేది. పెద్దాసుపత్రి డాక్టర్లు ఇంటికి తీసుకుపొమ్మన్నారు. దాని అర్థం ఇంట్లో అందరికీ తెలుసు, అందరికంటే ముందు అవ్వకే తెలుసు. ఓ ఆదివారం పాటలైపోయి చాపలు చుడుతుంటే లోపలి నుంచి మమ్మల్ని పిలిచింది. వెళ్ళి మంచం పక్కన నిలబడ్డాం, లొల్లి తగ్గించమంటుందేమోనని.

"ఏంరా, ఇందాకటి సంది గింతగనం మొత్తుకుంటున్నరు, ఎవలు సచ్చిన్రు?"

"ఎవలు సావలే అవ్వ. కోపమొచ్చి పాడినం" అన్నాడు డీజిల్.

"ఎవలు సావకుంటనే గింత మొత్తుకుంటె, రేపు నేను సస్తె ఇంకెంత మొత్తుకుంటరు?"

మేం నవ్వాం. అవ్వ నవ్వలేదు. అప్పుడే నాకు తెలిసింది, ఆ గల్లీలో ఎవరు పోయినా ముందు అవ్వకే కబురు వెళ్ళేదట. శవం పక్కన కూర్చుని, పోయినవాళ్ళ బతుకంతా రాగం తీసి చెప్పి ఏడ్చేదట. వాళ్ళు ఎప్పుడు లేచేవాళ్ళు, ఏం వండేవాళ్ళు, ఎవరిని సాకారు, ఎవరి చేత మాట పడ్డారు, అన్నీ. అవ్వ ఏడిస్తే గాని గల్లీలో మిగతావాళ్ళకు కన్నీళ్ళు వచ్చేవి కావట.

"నేనందరికి ఏడ్చిన. నాకెవలేడుస్తరు?" అంది. "నా ఆడపిల్ల నాకంటె ముందే పాయె. కోడలు మంచిదే గని దానికి నోరు లేదు. రేపు నేను పోంగనె మా పెద్దోడు బండి తెస్తడు, దాని మీద మైకు వెట్టి ఎవని పాటనో ఏస్తడు. ఆ పాటల నా ముచ్చట ఒక్కటన్న ఉంటదా? ఎవలో గుర్తులేని ముసల్ది పోయినట్టు పంపుతరు నన్ను. మీరు నేర్చుకోన్రి. నేను జెప్త."

"మొగోళ్ళు గట్ల ఏడుస్తరా అవ్వ?" అన్నాడు డీజిల్, గోడకేసి చూస్తూ.

"మొత్తుకుంటరు గని, ఏడువరా?"

ఇగ ప్రతి ఆదివారం మా రిహార్సల్ మంచం పక్కకు మారింది. ఒక మనిషి తన చావుకు తానే పాట కట్టించుకుంటుంటే పక్కన కూర్చుని గిటార్ శ్రుతి చేసుకోవడం ఎంత కష్టమో చెప్పలేను. అవ్వకు మాత్రం ఏ ఇబ్బందీ లేదు. నన్ను ఆంధ్రా పిలగాడనేది. నేను రాగం ఎత్తుకోగానే చెయ్యి అడ్డం పెట్టి, "నీ ఏడ్పు పరీచ్చల తప్పినోని ఏడ్పు లెక్కుంది. సచ్చింది నేను బిడ్డా, నువ్వు గాదు" అనేది. మళ్ళీ ఎత్తుకునేవాణ్ణి. "ఇప్పుడు సంబురపడ్డట్టుంది" అనేది. పొడుగోడు మాత్రం శవయాత్రలో కొట్టే చావు దెబ్బ ఇంట్లో కొట్టొద్దని వాళ్ళ చిన్నాయన చెప్పాడంటూ వేళ్ళతో తొడ మీదే తాళం వేసేవాడు. పాట మొదటి సగం ఇలా ఉండేది:

పొద్దు పొడవక ముందె పొయ్యి రాజేస్తివి, ఓ అవ్వా
పొగల కండ్లు నులుముతనె పొలగాండ్ల సాకితివి, ఓ అవ్వా

రెండో సగం దగ్గరికి వచ్చేసరికి డీజిల్ ప్రతిసారీ మంచినీళ్ళకు లేచిపోయేవాడు. "అది వద్దు తీయ్ అవ్వ" అనేవాడు. "అసల్ది అదే" అనేది అవ్వ. వీడికి బద్ధకం ఎక్కువని నేను సరిపెట్టుకుని, ఆ సగాన్ని కూడా శ్రద్ధగా బట్టీ పట్టాను. ఇంజినీరింగ్ నాకు నేర్పిన విద్య అదొక్కటే. జానపదం అంటే ఎప్పుడో ఎవరో కట్టింది, అందులోని కొడుకులూ కోడళ్ళూ ఎవరి కొడుకులూ కోడళ్ళూ కారు అనుకునేంత జ్ఞానం అప్పట్లో నాది.

అవ్వకు ఒంట్లో కాస్త బాగున్న ఒక ఆదివారం, తను బతికుండగానే వినాలని పట్టుబట్టింది. చేసేదేముంది, ఆ పాటనే మా షోలో పెట్టాం. గది నిండింది, చెప్పులు గుమ్మం దాటి గల్లీలోకి పోయాయి. ఇది ఇంట్లో కొట్టేది కాదని గొణుగుతూనే పొడుగోడు చావు దెబ్బ అందుకున్నాడు. డీజిల్ "ఓ అవ్వా" అని ఎత్తుకున్నాడు. ఆ పాత ఇనుప స్పీకరు జన్మలో మొదటిసారి స్పష్టంగా పలికింది. మొదటి సగం పూర్తయిందో లేదో, తలుపు తోసుకుని పక్కింటావిడ కొంగు నోట్లో కుక్కుకుని వచ్చింది. ఆమె వెనక మరో నలుగురైదుగురు. ఎవరో పూలదండ కూడా పట్టుకొచ్చారు. మంచాన పడ్డ ముసలమ్మ ఉన్న ఇల్లు, వాకిట్లో చెప్పుల కుప్ప, లోపల చావు డప్పు, పైగా మనవడి ఏడుపు. వాళ్ళ తప్పేముంది.

అప్పుడు లోపలి గదిలోంచి గోడ పట్టుకుంటూ అవ్వ బయటకు వచ్చింది. దండ తెచ్చినామె దాన్ని వీపు వెనక దాచుకుంది. అవ్వ అందరినీ ఒక్కొక్కరినీ పరీక్షగా చూసింది.

"మంచిది. వచ్చిన్రు" అంది. "కిరాణ దుకాణపోడు రాలేదేంది? ఆని తల్లికి నేను గొంతు పోయేదాంక ఏడ్చిన."

తర్వాత కోడలిని పిలిచి అందరికీ చాయ్ పెట్టమంది. పాట అక్కడే ఆగిపోయింది. రెండో సగం ఎవరూ వినలేదు. సాయంత్రానికల్లా గల్లీ పెద్దలు వచ్చి, ముసలామె ఉన్నన్ని రోజులు ఈ ఇంట్లో డప్పు చప్పుడు వినపడొద్దని డీజిల్ వాళ్ళ నాయినకు గట్టిగా చెప్పి వెళ్ళారు. మా సంగీత ప్రస్థానంలో మాకు దక్కిన ఏకైక నిషేధం అది. నేను లోలోపల గర్వపడ్డాను కూడా.

ఆ గర్వం ఎక్కువ రోజులు నిలవలేదు. వానలు మొదలైన రోజుల్లో ఒక పొద్దున డీజిల్ ఫోన్ చేసి, "అవ్వ పాయెరా" అన్నాడు. అంతే. నేను వెళ్ళేసరికి అవ్వను వాకిట్లో పడుకోబెట్టారు. గల్లీవాళ్ళు కొందరు ఇంకా తమ గేట్ల దగ్గరే నిలబడి ఉన్నారు. ఒకాయన నన్ను ఆపి, "నిజంగనేనా తమ్మీ?" అని నెమ్మదిగా అడిగాడు. అంత సిగ్గుగా నేను ఎవరికీ అవునని చెప్పి ఉండను.

నాగారంలో కొత్త ఇల్లు కట్టుకున్న డీజిల్ వాళ్ళ పెదనాయిన అప్పటికే వచ్చేశాడు, వైకుంఠ రథం కూడా వచ్చేసింది. "డప్పు గిప్పు ఏం వద్దు, ఇప్పటికే బద్నామైనం" అని తమ్ముడితో చెప్పాడట. బండి మీది మైకులో ఎవరిదో భజన అదే పనిగా తిరుగుతోంది. అవ్వ చెప్పింది చెప్పినట్టే జరుగుతోంది. ఆడవాళ్ళు కొంగులు కళ్ళకు అద్దుకుంటున్నారు గాని ఏడుపు రావడం లేదు. ఎవరో గడియారం చూసుకున్నారు. వానొచ్చేలా ఉంది జల్దీ కానియ్యండి అన్నారు. డీజిల్ అవ్వ కాళ్ళ దగ్గర కూర్చుని మట్టిలోకి చూస్తున్నాడు.

అప్పుడు వాళ్ళమ్మ లేచింది. నోరు లేదని అవ్వ చెప్పిన కోడలే. తిన్నగా బండి దగ్గరికి వెళ్ళి, "అన్నా, జర బంద్ జెయ్యి" అంది. డ్రైవర్ ఆపేశాడు. ఆమె వచ్చి కొడుకు భుజం మీద చెయ్యి వేసి, "ఏడ్వుండ్రి" అంది. గోడవారన నిలబడ్డ పొడుగోడు డప్పు ముందుకు తిప్పుకున్నాడు. ఈసారి వాడు పెదనాయిన వద్దన్న మాట కూడా లెక్కచెయ్యలేదు. డీజిల్ నోరు తెరిచాడు. గల్లీ కుక్కలన్నిటినీ పారిపోయేలా చేసిన ఆ గొంతులోంచి గాలి తప్ప ఏమీ రాలేదు. మళ్ళీ తెరిచాడు. మళ్ళీ అంతే. డప్పు తాళం నా కోసమే తిరిగి తిరిగి వస్తోంది, వాళ్ళమ్మ నా వైపు చూస్తోంది. ఇగ తప్పలేదు. పరాయి ఊరివాణ్ణి, పరాయి ఇంటివాణ్ణి, ఆ వాకిట్లో నేను ఎత్తుకున్నాను.

మొదటి సగం నిలకడగానే సాగింది. పక్కింటావిడ వెక్కడం మొదలుపెట్టింది. నాకు ధైర్యం వచ్చింది. అసలుది అదే అని అవ్వ అన్న మాట జ్ఞాపకం వచ్చి, రెండో సగం మరింత గొంతెత్తి అందుకున్నాను:

పెద్ద కొడుకు మేడ గట్టె, పదిమందిని పిలిచె, ఓ అవ్వా
దేవునికో అర్ర గట్టె, నీకు జాగ లేకపాయె, ఓ అవ్వా

డప్పు ఒక్కసారి తడబడింది. పొడుగోడు కనుబొమ్మలు ఎగరేస్తూ ఏదో సైగ చేస్తున్నాడు. ఇంకా గట్టిగా పాడమంటున్నాడని అర్థం చేసుకున్నాను. గట్టిగా పాడాను. ఆ చరణాన్ని మళ్ళీ ఒకసారి పాడాను కూడా, కళ్ళు మూసుకుని, చెయ్యి చాచి. ఏడ్చే గొంతులన్నీ ఆగిపోయాయని గ్రహించి కళ్ళు తెరిచేసరికి, నా చాచిన చేతికి ఎదురుగా సరిగ్గా పెదనాయిన నిలబడి ఉన్నాడు. వాకిలి మొత్తం ఆయన్నే చూస్తోంది. అది జానపదం కాదని, అమ్మకు గది లేని ఆ మేడ నాగారంలోదేనని, ఆ కొడుకు ఈ కొడుకేనని అప్పుడు తెలిసింది నాకు. పారిపోదామంటే గేటు ఆయన వెనక ఉంది.

ఆయన నా వైపు వచ్చాడు. కొడతాడనే అనుకున్నాను. నన్ను దాటి వెళ్ళి తల్లి కాళ్ళ దగ్గర కూలబడ్డాడు. "కట్టిన గదనె అమ్మా, నీకు సుత ఒక అర్ర కట్టిన గదనె, నువ్వే రాకపోతివి గదనె" అని రాగం తీశాడు. నేర్చుకున్నది కాదు, అచ్చం అవ్వ రాగమే. అంత పెద్ద మనిషి, ఇస్త్రీ చొక్కా మట్టిలో దొర్లుతుంటే, పసిపిల్లాడిలా ఏడ్చాడు. దాంతో వాకిలంతా గొల్లుమంది. కిరాణా దుకాణం ఆయన కూడా ఏడ్చాడు. డీజిల్‌కి గొంతు వచ్చింది. అది పాటా అరుపా ఏడుపా అని అడిగితే నేను చెప్పలేను, నాకూ అప్పుడు కళ్ళు కనపడటం లేదు.

అన్నీ అయ్యాక, తడిబట్టలతో గల్లీ మొగలో నిలబడి ఉన్నప్పుడు డీజిల్‌ని అడిగాను, మీ పెదనాయిన నిజంగా గది కట్టాడా, అవ్వ అబద్ధం చెప్పిందా అని. వాడు తడి చొక్కా కొస పిండుకున్నాడు.

"కట్టిండు. మేడ మీద" అన్నాడు. "అవ్వకు మోకాళ్ళు లెవ్వు గదరా."

ఆ తర్వాత మా బ్యాండు ఎక్కువ రోజులు నడవలేదు. తగువులేమీ లేవు. వ్యవస్థ మీద అరవడానికి ముగ్గురిలో ఎవరికీ నోరు రాలేదు, అంతే. నేను ఉద్యోగంలో చేరాను. నా గొంతు ఇప్పుడు ఫోను మీటింగుల్లో "వినపడుతోందా అండీ" అని అడగడానికి మాత్రమే పనికొస్తోంది. ఆ రోజు అర్థం తెలియక అంత మందిలో గొంతెత్తి పాడిన ఆ కుర్రవాణ్ణి తలుచుకుంటే నవ్వూ వస్తుంది, కాస్త అసూయ కూడా. అర్థం తెలిశాక ఆ పాట నా నోట మళ్ళీ రాలేదు.

మొన్న డీజిల్ ఫోన్ చేశాడు. పెదనాయినకు ఆరోగ్యం బాగుండటం లేదట, పోయి చూసొచ్చాడట.

"నిన్ను అడిగిండురా. గా ఆంధ్రా పిలగాడు యాడుంటుండు, నేను పోయినప్పుడు పిలువున్రి, మైకు గీకు వద్దు అన్నడు."

"ఏం పాడాలో ఆయన్నే చెప్పమను, నేర్చుకుంటా" అన్నాను.

"అది గూడ అడిగిన. మీ ఇష్టం, ఏదన్న పాడున్రి గని, మెట్ల సంగతి తియ్యొద్దన్నడు."

ఇద్దరం నవ్వాం. నవ్వి, ఆదివారం నాగారం వెళ్దామని అనుకున్నాం.