పెళ్లిగా నమోదైన పదకొండో రోజు

మా ఆవిడ పోయిన మూడో రోజు ఉదయం ఆమె ఫోన్ చిన్నగా మోగింది. వంటింటి గట్టు మీద ఛార్జింగులో ఉంది. ఎవరు పెట్టారో తెలియదు, నేనే పెట్టి ఉంటాను. తెరిచి చూస్తే మున్సిపాలిటీ యాప్ నుంచి సందేశం. మీ ఇంటి ముందు రోడ్డుపై అనుమతి లేని అడ్డంకి గుర్తించబడింది, ఇరవై నాలుగు గంటల్లో తొలగించి ఫొటో పంపగలరు అని ఉంది. కింద మా గల్లీ ఫొటో. గల్లీ మొదట్లో కొత్తగా పాతిన స్తంభం మీది కెమెరా తీసింది. అందులో షామియానా, ఎర్ర ప్లాస్టిక్ కుర్చీలు, ఒక కుర్చీలో తల వంచుకుని కూర్చున్న నేను కనబడుతున్నాం.

మా ఇంటి వివరాలన్నీ ఆమె నంబరు మీదే ఉన్నాయి. అందువల్ల ఆమె కోసం వేసిన షామియానాను తీసెయ్యమని నగరం ఆమెకే చెప్పింది.

మా గల్లీ సీతాఫల్‌మండిలో ఉంది. రెండు ఆటోలు ఎదురుపడితే ఒకటి వెనక్కి పోవాలి. ఏ ఇంట్లో ఎవరు పోయినా గంటలోగా అక్కడ షామియానా పడుతుంది. ఆ ఇంటివాళ్లు అడగరు. అడిగే స్థితిలో ఉండరు కనుక అది పక్క ఇళ్లవాళ్ల పని. గల్లీకి ఒక కొసన బెంచీ, ఇంకో కొసన పాత స్కూటరు అడ్డంగా పెడతారు. లోపల బండ్లున్నవాళ్లు ముందే తీసి బయట పెట్టుకుంటారు. అంబులెన్సు రావలసి వస్తే ఏ తాడు విప్పాలో టెంట్‌హౌస్ అతనికి తెలుసు, ఆ తాడు ఒక్కటి ఎప్పుడూ జారుముడే వేస్తాడు. ఇదంతా ఎక్కడా రాసి లేదు. నేను ఆ గల్లీలో ముప్పై ఏళ్లకు పైగా ఉన్నాను, ఒక్కసారి కూడా దీని మీద గొడవ జరగలేదు.

పదకొండో రోజు భోజనాలకు షామియానా మళ్లీ కావాలి. సందేశం సంగతి గల్లీ మొదట్లో దుకాణం ఉన్న దర్జీకి చెప్పాను. తిరుమలగిరిలోని సైనికుల యూనిఫాంలు కుడతాడు. మా ఆవిడను అక్కా అనేవాడు. నన్ను మాత్రం ఇన్నేళ్లయినా సార్ అనే అంటాడు. నేను ఎక్కువ మాట్లాడను, కాలేజీ లైబ్రరీలో పనిచేసి రిటైరయ్యాను. అదే కారణమై ఉంటుంది.

ఆమె ఫోన్‌లో అనుమతి అడిగే పేజీ అతనే తెరిచాడు. ఎదురింటి పెద్దమ్మ అరుగు మీద నుంచి లేచి వచ్చి పక్కన నిలబడింది. ఎనభై దాటిన మనిషి.

"ఏడు దినాల ముందు అడగాల్నంట సార్. మనకు ఎనిమిది ఉన్నయి, పర్వా లేదు," అన్నాడు దర్జీ. "ఎందుకో రాయమంటుంది. పెళ్లి, బర్త్‌డే, దేవుని ఉత్సవం, మీటింగ్, సినిమా షూటింగ్. చావు లేదు సార్."

"మంచిగ సూడు, కిందికి గుంజు," అంది పెద్దమ్మ.

"గుంజిన పెద్దమ్మా. షూటింగ్ ఉన్నది గని చావు లేదు."

"గీ ఊర్ల ఎవ్వరు సస్తలేరు గావచ్చు. మరి షూటింగే నొక్కు."

"దానికి కెమెరామెన్ పేరు అడుగుతది."

పెళ్లి నొక్కమని నేనే అన్నాను. అతను నా మొహం చూశాడు, నొక్కాడు. వరుడి పేరు అడిగింది. నా పేరు పెట్టమన్నాను. వధువు పేరు దగ్గర అతని వేలు ఆగిపోయింది.

"ఆగుతవేంది?" అంది పెద్దమ్మ. "ఆమె పేరే పెట్టు. ఇంకెవల పేరు పెడ్తవు?"

పది నిమిషాల్లో జవాబు వచ్చింది. శుభాకాంక్షలు, మీ వేడుకకు అనుమతి మంజూరైంది, సంగీతం రాత్రి పది గంటల వరకు మాత్రమే. పెద్దమ్మ దాన్ని రెండుసార్లు చదివించుకుంది. "పొద్దుపొద్దుగాల్నే మీ ఇద్దరికి మల్లొకసారి లగ్గం జేసిన్రు బిడ్డా," అని పైట నోటికి అడ్డం పెట్టుకుంది. నాకు నవ్వు వచ్చింది. ఆ మూడు రోజుల్లో అదే మొదటిసారి. మా ఆవిడ ఉంటే అందరికంటే ఎక్కువ నవ్వేది.

ఆ పదకొండో రోజు బాగానే జరిగింది. అబద్ధం చెప్పామని ఎవరికీ అనిపించలేదు, నాకూ అనిపించలేదు.

ఒక మాట చెప్పాలి. ఈ కొత్త ఏర్పాట్లను నేను ద్వేషించలేదు, మా ఆవిడ అసలే ద్వేషించలేదు. గల్లీలో ఆ యాప్ మొదట వేసుకున్నది ఆమే. వీధి దీపం ఆరిపోతే నొక్కేది, మర్నాటికి వెలిగేది. నీళ్లు ఎన్నింటికి వస్తాయో ముందే తెలిసేది. అయితే అంతకుముందు ఆమెకు ఇంకో అలవాటు ఉండేది. సోమవారం పొద్దున వార్డు ఆఫీసులో ఇంజినీరు రెండు గంటలు కూర్చునేవాడు, ఎవరైనా వెళ్లి మాట్లాడవచ్చు. గోడ క్యాలెండరులో అయిపోయిన నెల కాగితం చింపి, దాని వెనక గల్లీలోని ఇబ్బందులన్నీ రాసుకుని ఆమె వెళ్లేది. అక్కడ పక్క గల్లీలవాళ్లు కలిసేవారు. ఒకరి డ్రైనేజీ ఇంకొకరి ఇంట్లోకి ఎందుకు వస్తోందో అక్కడే తేలేది. అరుపులూ ఉండేవి. యాప్ వచ్చాక ఆ రెండు గంటలు ఎత్తేశారు. ఇంట్లోంచే చెప్పవచ్చు కదా, రావడం ఎందుకు అన్నారు. "చెప్పుడైతే అయితుంది, మాట్లాడుడే అయితలేదు," అని ఆమె ఒకటి రెండుసార్లు అంది. నేను చదువుకుంటూ ఊఁ అన్నాను.

నాలుగు నెలలకు దర్జీ వాళ్లమ్మ పోయింది. చివరి దాకా దుకాణం గడప మీద కూర్చుని యూనిఫాంలకు కాజాలు కుట్టిన మనిషి. ఆ రోజు ముసురు పట్టి ఉంది. గంట గడిచినా షామియానా రాలేదు. నేనే టెంట్‌హౌస్‌కు వెళ్లాను.

"నన్ను తిట్టకున్రి సార్," అన్నాడు అతను. "ఇప్పుడు మా నంబర్లు సుత యాప్ల ఎక్కించుకున్నరు. పర్మిషన్ లేకుంట వేస్తే సామాను మొత్తం ఎత్తుకపోతరు. పోయిన నెల ఒకనిది పట్టుకపోయిన్రు."

అతన్ని ఏమనగలను. ఆ తల్లిని తీసుకుపోయే దాకా మగవాళ్లంతా వానలో గోడల వెంబడి నిలబడ్డారు. కొందరు నా గేటు లోపలికి వచ్చారు. అది ఎంత మందికి సరిపోతుంది?

మూడో రోజు దర్జీ దుకాణానికి వెళ్లాను. నలభయ్యో రోజు చెహ్లుమ్ భోజనాలకు అనుమతి అడిగాడట. ఉన్నవి రెండు గదులు, అందులో ఒకటి దుకాణం. ఫోన్ నా చేతికిచ్చాడు. ఈ వీధిలో ఆరు నెలలకు ఒకే వేడుకకు అనుమతి, అది ఇప్పటికే వివాహానికి వినియోగించబడింది అని ఉంది.

ఆ వివాహం నాదే.

"మీరు పరేషాన్ గాకున్రి సార్," అన్నాడు. "ఏదన్న ఫంక్షన్ హాల్ చూస్త."

"గల్లీవాళ్లు అంత దూరం వస్తారా?"

అతను మిషన్ చక్రం మీద చెయ్యి వేశాడు. "అమ్మ ముప్పై ఏండ్లు ఈ గడప మీదనే కూసున్నది. తెలిసినోళ్లందరు ఇక్కడనే ఉన్నరు," అన్నాడు.

మర్నాడు వార్డు ఆఫీసుకు వెళ్లాను. మా ఆవిడ అన్నిసార్లు వెళ్లిన చోటు, నేను అదే మొదలు వెళ్లడం. ఇదివరకు జనం కూర్చునే గదిలో గోడంత తెర ఉంది. ఇంజినీరు ఒక అమ్మాయి, ఉద్యోగంలో కొత్త. మర్యాదగా కుర్చీ వేసింది. విషయం చెప్పాను.

"సిస్టం తీసుకోదు అంకుల్."

"ఎవరు మారుస్తారు?"

"పైన మార్చాలె."

"పైన ఎవరు?"

ఆలోచించింది. దాచడం కాదు, నిజంగా తెలియదు. "సాఫ్ట్‌వేర్ కంపెనీవాళ్లది అంకుల్. మా సార్ మెయిల్ పెడ్తరు. ఒక్కోసారి రిప్లై వస్తది." నా మొహం చూసి కాస్త ధైర్యం చెప్పాలనుకుందేమో, తెర మీద మా గల్లీ చూపించింది. పచ్చ రంగులో ఉంది. "చూడున్రి, మీ గల్లీ మస్తు మంచిగున్నది. నాలుగు నెలలసంది ఒక్క కంప్లైంట్ లేదు."

ఆ పచ్చ రంగును చూస్తూ ఉండిపోయాను. మా గల్లీలో మురుగు మూత పగిలి రెండు నెలలైంది. మూడో స్తంభం దీపం వెలగడం లేదు. ఫిర్యాదులు లేకపోవడానికి కారణం, అవి రాసే మనిషి చనిపోవడం. ఆమె లేకపోవడాన్ని నగరం బాగుపడటంగా లెక్క వేసుకుంది. నగరానికి మేము అన్ని వేళలా కనబడుతున్నాం, వినబడటం మాత్రం లేదు.

"అమ్మా, అది పెళ్లి కాదు," అన్నాను. "నా భార్య పదకొండో రోజు. మీ జాబితాలో చావు లేదు, అందుకని పెళ్లి అని పెట్టాం. ఫిర్యాదులు పెట్టింది కూడా ఆమే."

ఆ అమ్మాయి తెర వైపు చూసింది, మళ్లీ నా వైపు చూసింది. ఆ వివాహాన్ని రద్దు చేయడానికి అక్కడికక్కడే ప్రయత్నించింది. అయిపోయిన వేడుక రద్దు కాదట. తలుపు దాకా నాతో వచ్చి గొంతు తగ్గించి చెప్పింది. "అంకుల్, వార్డు కమిటీ మీటింగ్ అని ఒకటుంటది. గల్లీలోళ్లు సంతకాలు పెట్టి రాసిస్తే మేం పెట్టాల్సిందే. యాప్ వచ్చినంక ఎవ్వరు రాసియ్యలే. మీరు రాసియ్యున్రి."

ఇంటికి వచ్చి క్యాలెండరు కాగితం చింపాను. వెనక నాలుగు వాక్యాలు రాశాను. ఆ సాయంత్రం నుంచి తలుపులు తట్టడం మొదలుపెట్టాను. ముప్పై ఏళ్లలో నేను లోపలికి అడుగు పెట్టని ఇళ్లు చాలా ఉన్నాయని అప్పుడు తెలిసింది. ప్రతి ఇంట్లోనూ ముందు ఆమె గురించి మాట్లాడారు, తరువాత సంతకం చేశారు. మూలింటి ఆయన ఒక్కడు ఒప్పుకోలేదు. వాళ్లమ్మాయి గొలుసు లాగినవాణ్ని పట్టించింది ఆ కెమెరాయే.

"కెమెరా పీకిస్తరా ఏంది మీరు?"

"లేదు. అది ఉండనీండి. దానితో పాటు మాట వినే మనిషి కూడా ఒకరు ఉండాలని అడుగుతున్నాం."

ఆయన కాగితం పూర్తిగా చదివాడు. వాన నాడు తను కూడా గోడ పక్కన నిలబడ్డ సంగతి గుర్తు చేసుకున్నాడు. సంతకం చేశాడు, కలం మాత్రం నాకు తిరిగి ఇవ్వలేదు. రేపు మిగతా ఇళ్ల సంతకాలకు తనూ వస్తానన్నాడు.

కాగితం ఆఫీసులో ఇచ్చిన మూడు వారాలకు సమావేశం జరిగింది. చెహ్లుమ్‌కు పన్నెండు రోజులే మిగిలాయి. తెర ఉన్న గదిలోనే కుర్చీలు వేశారు. పద్మారావు నగర్ వైపు గల్లీల నుంచి కూడా జనం వచ్చారు. వాళ్ల ఇబ్బందీ ఇదేనట, వాళ్లలో ఒకరు వర్ధంతిని బర్త్‌డే అని పెట్టుకున్నారట. వచ్చిన అధికారి ఓపికగల మనిషే. జాబితాలో మరణం అనే మాట చేర్పిస్తామని చెప్పాడు. సమస్య తీరిపోయిందన్నట్టు కాగితాలు సర్దుకున్నాడు.

పెద్దమ్మ కూర్చున్న చోటి నుంచే అడిగింది. "ఏడు దినాల ముంగట నొక్కాల్నంటివి గద సారూ. నేనెప్పుడు పోత్తనో నాకే ఎర్క లేదు. నీకేమన్న ఎర్కనా?"

గదంతా నవ్వింది. అధికారి కూడా నవ్వాడు. నేను మాట్లాడవలసి వచ్చింది. నలుగురిలో మాట్లాడి ఎరగను. చావుకు గల్లీ అనుమతి అడగదు, తెలియజేస్తుంది, తెలియజేయడానికి అవతల ఒక మనిషి ఉండాలి అన్నాను. సోమవారం రెండు గంటలు మళ్లీ తెరవాలి అని కూడా అన్నాను.

గంటన్నర పట్టింది. పెళ్లిళ్లకు ఆరు నెలల నియమం అలాగే ఉంది, అది పైకి పోవాలట. చావుల వరకు ఆఫీసుకు ఫోన్ చేసి చెబితే చాలు, టెంట్‌హౌస్‌వాళ్ల జోలికి పోరు. సోమవారాలు మూడు నెలలు పెట్టి చూస్తామన్నారు. ఇంజినీరు అమ్మాయి ఇదంతా చేత్తో రాసింది, అధికారి కింద సంతకం చేశాడు. దర్జీ ఆ కాగితాన్ని ఫొటో తీసుకున్నాడు. నా చెయ్యి పట్టుకుని కాసేపు వదల్లేదు.

నలభయ్యో రోజు ఎండ కాసింది. పొద్దున్నే మూలింటి ఆయన తన స్కూటరు తెచ్చి గల్లీ కొసన అడ్డం పెట్టాడు. టెంట్‌హౌస్ అతను నన్ను పిలిచి ఒక తాడు చేతికిచ్చాడు.

"ఇది జారుముడి సార్. అంబులెన్స్ వస్తే ఇదొక్కటి గుంజున్రి. ఎప్పుడు మేడమే చూసుకునేది."

ఆ సంగతి నాకు తెలియదు. తాడు మా గేటు కమ్మీకి కట్టుకున్నాను.

భోజనాలు మొదలయ్యే వేళకు జేబులో ఆమె ఫోన్ మోగింది. మీ ఇంటి ముందు రోడ్డుపై అనుమతి లేని అడ్డంకి గుర్తించబడింది. దర్జీ దూరం నుంచి నా మొహం చూసి వడ్డిస్తున్న గరిటె ఆపేశాడు. నేను ఏం చెప్పాలో ఆలోచిస్తుండగానే ఫోన్ మళ్లీ మోగింది. ఈసారి కాల్.

"అంకుల్, నేను వార్డు ఆఫీస్‌ నుంచి. మెసేజ్ వచ్చిందా? దానికింకా తెల్వదు, పట్టించుకోకున్రి, నేనిక్కడ క్లోజ్ చేసిన," అంది ఇంజినీరు అమ్మాయి. "అందరు తిన్నరా?"

"ఇప్పుడే కూర్చుంటున్నారమ్మా," అన్నాను.

దర్జీకి వడ్డించమని చెయ్యి ఊపాను. ఆ అమ్మాయి ఇంకా లైన్‌లోనే ఉంది. మూడో స్తంభం దీపం సంగతి చెప్పాను.

"సోమవారం రాన్రి అంకుల్, రాసుకొని రాన్రి," అంది.