పోశవ్వకు ఇవ్వని ఓపెన్ ఫైల్

2012. కామారెడ్డిలో నాకు చిన్న డిజైనింగ్ దుకాణం ఉండేది. పెళ్లి పత్రికలు, విజిటింగ్ కార్డులు, నాయకుల పుట్టినరోజు ఫ్లెక్సీలు. పని బాగా వచ్చు, పొగరు అంతకంటే ఎక్కువ ఉండేది.

ఆ ఎండాకాలం ఎల్లారెడ్డి దగ్గరి ఊరి నుంచి పోశవ్వ వచ్చింది. ఇరవై ఏళ్లు బీడీలు చుట్టిన మనిషి. పొగాకు దుమ్ముకు దగ్గు పట్టుకుంటే, మరో నలుగురు ఆడవాళ్లతో కలిసి కారం పట్టించి అమ్మడం మొదలుపెట్టింది. కామారెడ్డిలో ఒక హోల్‌సేల్ సేటు, ప్యాకెట్ కంపెనీ సరుకులా కనిపిస్తే తన దుకాణంలో పెడతానన్నాడట. వాళ్ల ఆశంతా ఆ మాట మీదే.

రోలు, రెండు మిరపకాయలు, కింద వాళ్ల కారం పేరు పెట్టి లోగో చేశాను. చూసి మురిసిపోయింది.

“ఇది యాడ ఇచ్చినా మంచిగ అచ్చయితదా తమ్మీ?”

“అయితది అక్కా, ఫికర్ చెయ్యకు,” అంటూ జేపీజీ ఒక్కటే సీడీలో రాసిచ్చాను.

కాదని నాకు తెలుసు. జేపీజీ అంటే చుక్కలతో కూర్చిన బొమ్మ. పెద్దది చేస్తే మసకబారుతుంది. పైగా బొమ్మ వెనుక తెల్ల డబ్బా దాన్ని వదలదు. ఆ డబ్బా లేకుండా ఏ రంగు మీదైనా కూర్చోవాలంటే పీఎన్‌జీ కావాలి. అచ్చుకైతే గీతలతో గీసిన వెక్టర్ ఫైల్, మా భాషలో ఓపెన్ ఫైల్, ఇవ్వాలి. దాన్ని గోడంత చేసినా అంచు చెదరదు. కానీ అది చేతికిస్తే గిరాకీ మళ్లీ మన గడప తొక్కడని మా దుకాణాలన్నిటిలో ఒక కట్టుబాటు. దిక్కుమాలిన కట్టుబాటు. నేనూ పాటించాను.

నెల తర్వాత, హైదరాబాద్‌లో కవర్లు వేసేవాళ్లు ఓపెన్ ఫైల్ అడిగారని ఆమె మళ్లీ వచ్చింది. ఈలోపు వైరస్ పట్టి నా కంప్యూటర్ ఫార్మాట్ చేయించాను, అసలు ఫైల్ పోయింది. మొదటే ఇచ్చి ఉంటే ఆమె దగ్గరైనా మిగిలేది. తిరిగి గీయడం గంట పని. ఎవరో నాయకుడి ఫ్లెక్సీ తొందరలో ఉన్నాను. పోయిందని చెప్పడానికి నామోషీ కూడా. ఆమె సీడీలోని జేపీజీనే తీసి పీడీఎఫ్‌లో పెట్టాను. పైన పేరు మారింది, లోపల బొమ్మ అదే.

“గిదేనా వాళ్లడిగింది?”

“గదే అక్కా. ఓపెన్ ఫైలే అని చెప్పు.”

ఆమె అలాగే చెప్పింది. వాళ్లూ నాలాంటివాళ్లే, సరిగ్గా చూడకుండా అచ్చుకొట్టారు. మూటల కొద్దీ కవర్లు వచ్చాయి. ఎర్రటి కవరు మీద తెల్ల డబ్బా, అందులో అలికినట్టు మిరపకాయలు, చదవరాని పేరు. సేటు ఒక ప్యాకెట్ ఎత్తి చూసి, “గిది నకిలీ మాల్ లెక్కున్నది. తినే సామాను, నేను పెట్ట,” అన్నాడట. కారంలో కల్తీ లేదు. కల్తీ చేసింది నేను. మళ్లీ కవర్లు వేయించే శక్తి వాళ్లకు లేకపోయింది. తోటి ఆడవాళ్లు ఎవరి దారిన వాళ్లు పోయారు. పోశవ్వ తిరిగి బీడీల చాట ముందు కూర్చుంది.

ఇప్పుడు లోగో చేయించుకున్న ప్రతివాళ్లకూ ఓపెన్ ఫైల్, పీడీఎఫ్, పీఎన్‌జీ అన్నీ ఇచ్చేస్తాను. ఏది ఎక్కడ వాడాలో కాగితం మీద రాసిస్తాను. తోటి దుకాణాలవాళ్లు నవ్వుతారు, నవ్వనీ. చేతులు కాలాక పట్టుకున్న ఆకులే ఇవి, కాకపోతే కాలింది నా చేతులు కావు.

ఆమె చివరిసారి వచ్చినప్పుడు తిడుతుందనుకున్నాను. తిట్టలేదు. కవరు ఒకటి టేబుల్ మీద పెట్టి అడిగింది.

“నీకు తెల్వక గిట్ల చేసినవా తమ్మీ, తెలిసే చేసినవా?”

“తెల్వకనే అక్కా.”

“పోనీ తియ్యి. పని తెల్వనోని దగ్గరికి వచ్చుడు నాదే తప్పు.”

ఆ తప్పు కూడా ఆమె నెత్తినే పెట్టి పంపించాను.