తేమ పరీక్షల గదిలో మేడమ్

మా ల్యాబ్ మేడమ్ పోయారని సోమవారం పొద్దున కంపెనీ వ్యాను డ్రైవరు ఫోన్ చేసి చెప్పాడు. ఆదివారం చర్చికి తయారై కుర్చీలో కూర్చున్నారట, మళ్ళీ లేవలేదట. అప్పటికే నేను ఆఫీసుకొచ్చి ఆమె బల్ల వైపు ఫ్యాను కూడా వేసేశాను.

గుంటూరు దగ్గర ఒక మిరపకాయల ఎగుమతి కంపెనీలో ఆరేళ్ళు మేమిద్దరం ఒకే గదిలో పనిచేశాం. రైతుల సరుకులో తేమ ఎంతుందో పరీక్షించడం ఆమె పని. ఆ ఫలితాలన్నీ కంప్యూటర్లో ఎక్కించి, మేనేజర్లు చూసే డాష్‌బోర్డు నడపడం నా పని. మాది కొత్తపట్నం వైపు. ఇక్కడ హాస్టల్లో ఉంటాను. రోజు మొత్తంలో పని గురించి కాకుండా నాతో మాట్లాడేది ఆమె ఒక్కరే. "తిన్నావా" అని ఎప్పుడూ అడగలేదు. "ఏం తిన్నావు" అనే అడిగేవారు. అబద్ధం చెప్పడం కష్టమయ్యేది.

వ్యాపారం పెరిగేకొద్దీ డాష్‌బోర్డూ పెరిగింది. వచ్చిన ప్రతి మేనేజరూ ఒక గ్రాఫు చేర్చమన్నవాడే, ఉన్నది తీయమన్నవాడు లేడు. ఒకరోజు మేడమ్ నా వెనక నిలబడి చాలాసేపు చూసి, "నేను అడిగేదానికి ఇందులో జవాబు ఎక్కడుందమ్మా?" అన్నారు. ఏం అడుగుతారన్నాను. "అదీ. అడగాల్సింది ముందు తెలిస్తే మిగతాది పక్కన పెట్టొచ్చు" అన్నారు. ఆ వారమే గ్రాఫులు చాలావరకు తీసేసి, కావాల్సిన వివరాలే ఏరి చూపించేలా పైన నాలుగు ఫిల్టర్లు పెట్టాను: ఊరు, వారం, కాయ రకం, ఉన్న రెండు తేమ మీటర్లలో దేనితో పరీక్షించామన్నది. నాలుగోది ఆమె పెట్టమన్నదే.

కిందటేడు కోతలప్పుడు ప్రకాశం జిల్లాలోని ఒక ఊరి సరుకు తేమ ఎక్కువుందని వరసగా వెనక్కి వెళ్ళింది. ఇక ఆ ఊళ్ళో కొనొద్దని మేనేజరు తేల్చేశారు. మేడమ్ నా పక్కన స్టూలు వేసుకున్నారు. ఊరు ఎంచమన్నారు. వారాలు ఒక్కొక్కటే మార్చమన్నారు. ఏమీ తేలలేదు. అప్పుడు మీటరు మార్చమన్నారు. ఒకటో మీటరు మీద చూసిన లాట్లన్నీ పాసయ్యాయి. వెనక్కి పంపినవన్నీ రెండో మీటరువే, అది తేమ ఎక్కువ చూపిస్తోంది. ఆ ఊరి లారీ సాయంత్రాలు వచ్చేది, అప్పటికి ఒకటో మీటరు చాలాసార్లు ఖాళీగా ఉండేది కాదు.

ఆ మీటర్లు సరిచూసే బాధ్యత ఆమెదే. రిపోర్టుల కింద సంతకమూ ఆమెదే. ఎవరికీ చెప్పకుండా మీటరు మార్పించేస్తే సరిపోతుందేమోనని నేను మెల్లగా అన్నాను. ఆమె కోప్పడలేదు.

"ఎండిన కాయనే మళ్ళీ ఎండబెట్టారమ్మా వాళ్ళు. రంగు పోగొట్టుకున్నారు. నా సంతకం చూసి" అన్నారు.

మర్నాడు మేనేజరు దగ్గరికి వెళ్ళి తప్పు తనదని చెప్పారు. ఆ ఏడు రావాల్సిన ప్రమోషన్ ఆమెకి రాలేదు. శనివారం నన్ను వెంటబెట్టుకుని ఆ ఊరు వెళ్ళారు. కళ్లంలో కాయ ఏరుతున్న ఆడవాళ్ళ మధ్య నిలబడి, "మీ కాయలో తప్పు లేదు. నేనే చూసుకోలేదు" అన్నారు. ఒక పెద్దాయన మంచం వాల్చి కూర్చోమన్నాడు. ఆ ఊరి సరుకు మళ్ళీ కొన్నాం. రంగు వెలిసిన కాయను మాత్రం ఏమీ చేయలేకపోయాం. తిరిగొస్తుంటే బస్సులో ఆమె కిటికీ వైపే చూస్తూ కూర్చున్నారు. నేనేదైనా అనాల్సింది.

మేడమ్ సమాధి దగ్గర నేనెవరని ఒకరిద్దరు అడిగారు. ఆఫీసులో కలిసి పనిచేశామని చెప్పాను. అంతకన్నా దగ్గరి మాట నాకు దొరకలేదు.

బుధవారం గదిలో ఒక్కదాన్నే ఉండగా ఆమె బల్ల మీది ఫోను మోగింది. ఎవరో రైతు.

"మేడమ్‌గారున్నారా అమ్మా?"

"లేరండి" అన్నాను.

"సరే, మధ్యాహ్నం చేస్తాలే" అని, నేను ఇంకో మాట అనేలోపే పెట్టేశాడు.

కుర్చీ ఫోను పక్కకి జరుపుకుని, మధ్యాహ్నం దాకా అక్కడే కూర్చున్నాను.