వాల్వు మీద నా గుడ్డ

ఆస్పత్రిలో ప్లంబర్‌ను ఎవరూ గుర్తుపెట్టుకోరు. నీళ్లు వస్తున్నంత కాలం మనం లేనట్టే. ఆగిన రోజు మాత్రం ఆయమ్మ దగ్గర్నుంచి పెద్ద డాక్టరుగారి దాకా అందరికీ మన ఫోన్ నంబరు నోటికి వస్తుంది. పదకొండేళ్లు అలాగే పనిచేశాను. దాని గురించి నాకేమీ ఫిర్యాదు లేదు. నా ఫిర్యాదు ఒక్క మనిషి మీద. పైపు రెంచి పట్టుకోవడం నాకు నేర్పింది ఆ మనిషే.

మాది జువ్వలదిన్నె. నాన్న చేపల వేటకు పోయేవాడు, ఇప్పుడు ఒడ్డున కూర్చుని వలలు బాగుచేస్తాడు. నాకు పడవెక్కితే కడుపులో తిప్పేది. సముద్రం పడని వాణ్ణి, పైపుల్లో నీళ్లతో సరిపెట్టుకున్నాను. మా ఇంట్లో నాన్నది ఒకటే పట్టు. ముడి ఎంత బిగిసినా కూర్చుని విప్పాలి గాని తాడు కొయ్యకూడదు. చిన్నప్పుడు బద్ధకించి ఒక కొస కత్తిరించానని రెండు రోజులు నాతో మాట్లాడలేదు.

ఆస్పత్రిలో నా పైన ఒక మేస్త్రీ ఉండేవాడు. అన్నా అని పిలిచేవాణ్ణి. మనుబోలు పక్కన వరి పండించే కుటుంబం అతనిది. ఏ గోడలో ఏ పైపు పోతుందో కాగితం మీద ఎక్కడా లేదు, అంతా అతని బుర్రలోనే ఉండేది. పదకొండేళ్లలో అది నా బుర్రలోకి కూడా ఎక్కించాడు. గోడకు చెవి ఆనించి లీకు ఎక్కడుందో చెప్పడం నేర్పాడు. ఆ రుణం ఇప్పటికీ కాదనను. కాదనలేకపోవడమే నా ఖర్మ.

మా వైపు బోరు వేస్తే ఉప్పునీళ్లే. అందుకని ఆస్పత్రిలో రెండు లైన్లు. బోరు నీళ్లు మరుగుదొడ్లకు, ట్యాంకర్లలో వచ్చే మంచినీళ్లు వార్డులకు, వంటకు, డయాలసిస్‌కు. వంటగది వెనక గుంతలో ఒకచోట ఆ రెండు లైన్లనూ కలుపుతూ ఒక వాల్వు ఉంది. ఎండాకాలం ట్యాంకర్లు రాకపోతే వార్డుల బాత్‌రూముల కోసం దాన్ని తెరిచేవాళ్లం. తెరిచే ముందు డయాలసిస్ వాళ్లకు చెప్పి వాళ్ల వైపు లైను కట్టేయాలి. ఉప్పు ఆ మిషన్లలోకి పోతే మంచాల మీద ఉన్నవాళ్ల ప్రాణాల మీదకు వస్తుంది. మిగతా రోజుల్లో ఆ వాల్వు మూసే ఉండాలి.

మూసిన వాల్వుకు గుడ్డ కట్టడం అన్న పెట్టిన పద్ధతి. ఎవరు మూస్తే వాళ్ల గుడ్డ. విప్పేది కూడా వాళ్లే. గుడ్డ ఉందంటే మూసి ఉందని, దానికి పూచీ ఫలానా మనిషిదని అర్థం. అన్న గుడ్డ ఎర్ర తువ్వాలు పీలిక. నాది నాన్న పాత లుంగీ, నీలం గళ్లది. అతను వరి మోపు కట్టినట్టు మెలితిప్పి కొసను లోపలికి దోపేవాడు. నాకు చేతికొచ్చిన ముడి ఒక్కటే, వల ముడి.

ఒక మధ్యాహ్నం డాబా మీద ట్యాంకు నీడలో అన్నం తింటున్నాం. మా ఇంటి చేపల పులుసంటే అతనికి ప్రాణం, అందుకని రెండో గిన్నె అతని కోసమే తెచ్చేవాణ్ణి. చెయ్యి కడుక్కుని వచ్చి, "ఒరే అబ్బయ్యా, నీ ముడి నాకూ నేర్పరా. జారనే జారదే అది" అన్నాడు. వారం రోజులు నేర్పాను. వేళ్లు పట్టుకుని మరీ తిప్పించాను. చివరికి పీలిక నా మీదకు విసిరేసి, "మీ సముద్రపోళ్ల ఏళ్లకే వస్తాది గాని నాకు రాదులే" అని పెద్దగా నవ్వాడు. నేనూ నవ్వాను. అన్నకు రాని పని ఒకటి నాకు వచ్చినందుకు లోపల కొంచెం గర్వపడ్డాను కూడా.

ఈ ఏడు ఎండాకాలం ఒక రోజు పొద్దున ట్యాంకర్లు రాలేదు. నేను డాబా మీద ట్యాంకు లోపల దిగి పాచి కడుగుతున్నాను. పై అంతస్తులో పలుకుబడి ఉన్నవాళ్ల గదుల్లో నీళ్లు ఆగిపోయి అన్నకు ఫోన్ల మీద ఫోన్లు వచ్చాయట. పదకొండు దాటాక కింద నుంచి కేకలు వినిపించాయి. దిగి వచ్చేసరికి డయాలసిస్ వార్డులో మిషన్లన్నీ ఒకటే మోత. సిస్టర్లు ఒక్కొక్కరినీ మిషన్ నుంచి తప్పించి అంబులెన్సు ఎక్కిస్తున్నారు, నెల్లూరుకు పంపడానికి. అందులో మా ఊరి పెద్దాయన ఒకరు. వారానికి రెండుసార్లు నాతో పాటే బస్సులో వచ్చేవాడు. మొహం తెల్లగా పాలిపోయి ఉంది.

వంటగది వెనక్కు పరిగెత్తాను. గుంతలో వాల్వు తెరిచి ఉంది. చక్రం మీద నా నీలం గళ్ల గుడ్డ ఉంది. గబగబా మూశాను. వెనకే వచ్చిన అన్న పదిమంది వినేలా అన్నాడు.

"ఏందిరా ఇది? మూసినానని చెప్పినావే నువ్వు!"

మొదట నన్నే నేను అనుమానించాను. మొన్న ఆదివారం మూశాను గదా, సరిగ్గా బిగించలేదా అనుకున్నాను. అన్న మాట మీద నాకు అంత నమ్మకం, నా చేతుల కంటే ఎక్కువ. తర్వాత గుడ్డ మీద చూపు పడింది. మెలితిప్పి, కొస లోపలికి దోపి ఉంది. అది మోపు కట్టు.

అరగంటలో మూసేద్దామని అన్నే డయాలసిస్ వాళ్లకు చెప్పకుండా నా గుడ్డ విప్పి తెరిచి ఉంటాడు. బోసి చక్రం ఎవరి కంటనైనా పడితే తెరిచిన సంగతి తెలిసిపోతుందని, తొందరలో తన చేతికి అలవాటైన కట్టుతో నా గుడ్డ మళ్లీ కట్టి ఉంటాడు. పైవాళ్ల గొడవలో మూయడం మరిచిపోయి ఉంటాడు. అంతవరకూ క్షమిస్తాను. మరుపు ఎవరికైనా వస్తుంది. కానీ తల ఎత్తి అతని కళ్లలోకి చూస్తే అతను చూపు తిప్పుకోలేదు. అది క్షమించను.

మర్నాడు విచారణకు ఇంజనీరుగారు వచ్చారు. "సార్, నేను కట్టిన ముడి కాదది. ఒకసారి వచ్చి చూడండి" అని బతిమాలాను. పాపం ఆయన మంచివాడే, ప్యాంటు ఎగదీసుకుని గుంతలోకి దిగాడు. నాకు వచ్చింది వల ముడి అని, ఇది మోపు కట్టు అని చూపించాను. ఆయన ఒక పాత గుడ్డను రెండు పీలికలు చింపి, "ఇద్దరూ చెరొకటి కట్టండి" అన్నాడు.

ఇంకేముంది, తేలిపోయినట్టే అనుకున్నాను. నేను కట్టాను. ముడి ఎప్పటిలాగే పడింది. అన్న పీలిక అందుకున్నాడు. కొసను వేలి మీదుగా తిప్పాడు, వెనక నుంచి తెచ్చాడు, బొటనవేలితో నొక్కి లాగాడు. వల ముడి. మా నాన్న కూడా వంక పెట్టలేని ముడి.

"రెండూ ఒకటేగదయ్యా" అన్నాడు ఇంజనీరు.

"ఇద్దరం కట్టేది ఇదే సార్. పిల్లోడు ఆ పొద్దు తొందరలో ఎట్టనో చుట్టేసి ఉంటాడు" అన్నాడు అన్న. గొంతులో నా మీద జాలి కూడా పెట్టాడు.

రాదని నవ్వినవాడు ఎప్పుడు నేర్చుకున్నాడు? ఇంట్లో ఒక్కడే కూర్చుని, ఎన్ని సాయంత్రాలు కష్టపడి ఉంటాడు? నేర్చుకునేటప్పుడు నన్ను ముంచాలని నేర్చుకుని ఉండడు, అది నాకు తెలుసు. ఏదో ఒక రోజు నా ముందు కట్టి చూపించి ఆటపట్టిద్దామనే దాచి ఉంటాడు. చూపించాల్సిన రోజు అదే అయింది. ఆ ఆలోచనకే నాకు ఇప్పటికీ కడుపు మండుతుంది.

వారానికి నన్ను పనిలోంచి తీసేశారు. మా ఊరి పెద్దాయన నెల్లూరు నుంచి బాగానే తిరిగొచ్చాడు. రేవు దగ్గర ఎదురుపడితే, "నువ్వు మూయలేదంట గదా నాయనా" అన్నాడు. కోపంగా అని ఉంటే వాదించేవాణ్ణి. మెల్లగా అన్నాడు. ముడి సంగతి చెప్పబోయి ఆగిపోయాను.

పనిముట్లు తెచ్చుకోవడానికి ఆస్పత్రి గేటు దాటాలనిపించలేదు. అన్నే నా సంచి మోసుకుని మా ఊరి బస్సు ఆగేచోటికి వచ్చాడు.

"నాకింక రెండేళ్లే సర్వీసు అబ్బయ్యా. ఇప్పుడు పోతే పింఛను రాదు. నువ్వు వయసులో ఉండావు, చేతిలో పనుండాది, యాడన్నా బతుకుతావు" అన్నాడు.

"ఆ పని నువ్వు నేర్పిందే గదన్నా" అన్నాను.

అతని కళ్లలో నీళ్లు తిరిగాయి. నాకు తిరగలేదు. బస్సెక్కాను.

ఇంటికి వచ్చి సంచి చూసుకుంటే మూతికి తాడు కట్టి ఉంది. వల ముడి, ఎక్కడా వదులు లేకుండా ముచ్చటగా వేసి ఉంది. నాన్న పక్కనే వల ఒళ్లో వేసుకుని కూర్చుని ఉన్నాడు. జరిగింది మొత్తం ఆయనకు చెప్పి ఉన్నాను. ఆ ముడి విప్పడం నాకు క్షణం పని. విప్పబుద్ధి కాలేదు. అలాగే చూస్తూ కూర్చున్నాను.

నాన్న కాసేపు నన్ను, కాసేపు ముడిని చూశాడు. తర్వాత వల పక్కన పెట్టి, తన కత్తి తీసి నా చేతికిచ్చాడు.

కోసేశాను.