గోడ కింది బావి: బసవనగుడిలో ఒక ఇంటి మ్యూజియం

బెంగుళూరు బసవనగుడిలో ఒక పాత ఇంటిని బాగుచేసి, అందులో నగర చరిత్ర మ్యూజియం తెరిచారు. అది మేము చిన్నతనంలో అద్దెకున్న ఇల్లేనని తెలిసిన నాటి నుండి మా అక్క నరసమ్మ నన్ను నిలవనీయలేదు. ఆమెకు డెబ్బై తొమ్మిదేళ్ళు, నాకు డెబ్బై. ఆ ఇల్లు విడిచేనాటికి నాకు మూడేళ్ళే కనుక నాకేమీ జ్ఞాపకం లేదు. ఆమె కోరిక మాత్రం ఒక్కటే. "మన పక్క బావి చూడల్ల సీనప్పా. మోకాళ్ళు మాట వినేటప్పుడే చూడల్ల." ముప్పై నాలుగేళ్ళు తెలుగు పాఠాలు చెప్పిన నేను అక్క బెంగుళూరు తెలుగును ఒక్క అక్షరం దిద్దలేకపోయాను.

ఈ మ్యూజియానికి వెళ్ళదలచినవారు మొదట తమ ఓర్పును పరీక్షించుకోవాలి. గుమ్మం వద్ద టిక్కెట్టు అమ్మరు. ముందురోజే ఫోనులో కొనాలి. పుట్టిన తేదీ, వృత్తి, "మా గురించి ఎలా తెలిసింది" వంటి ప్రశ్నలన్నిటికీ జవాబులు నింపేసరికి గడువు ముగిసిందని చెప్పి ఫోను మళ్ళీ మొదటికి తెచ్చింది. మూడవసారి గాని రెండు టిక్కెట్లు రాలేదు. మనిషికి రెండు వందలు, వృద్ధులకు తగ్గింపు లేదు. మరునాడు ఎనిమిదిన్నరకు మేముండే చందాపురలో బయలుదేరి, బొమ్మసంద్రలో మెట్రో ఎక్కి, ఆర్.వి. రోడ్డులో దిగేసరికి పది అయింది. అక్కడి నుండి ఆటోకు ఫోను డెబ్బై రూపాయలు చూపగా, ఎదురుగా ఉన్న డ్రైవరు నూట యాభై అడిగాడు. అక్క నడుము మీద చెయ్యి పెట్టుకుని, "ఏమప్పా, బసవనగుడికా, బొంబాయికా?" అన్నది. "నీ మొగం చూసి నూరు ఇయ్యి అవ్వా," అన్నాడతడు నవ్వుతూ. "నా మొగానికి నూరేనా?" అంటూనే ఎక్కి కూర్చున్నది.

పదకొండు గంటల బృందంలో మేము ఎనిమిది మందిమి. మమ్మల్ని తిప్పిన అమ్మాయి పేరు మేఘన, ముళబాగిలు పిల్ల. మంచిదే గాని, ప్రతి గదిలోనూ ఫోను చూసి చదివేది. "సార్, ఇది ఫుల్ ఒరిజినల్ సార్, రెడ్ ఆక్సైడ్ ఫ్లోరింగ్." పద్నాలుగు కుర్చీలు లెక్కపెట్టాను, అన్నిటికీ తాళ్ళు కట్టారు. ముసలివాళ్ళు కూర్చోవడానికి ఒక ముక్కాలి పీట అయినా లేదు. నగరపు పాత పటాలు, దీపస్తంభాలు, కొలపాత్రలు బాగున్నాయి. కాని ఇంటి కథ అంతా ఒకే కుటుంబం కథ. వెనుక వరుసగా ఉండిన నాలుగు అద్దె గదుల వఠారం ఊసే లేదు. అడిగితే, "బ్యాక్‌సైడ్ సర్వెంట్స్ ఉండేవాళ్ళు సార్," అన్నది. అక్క కర్ర నేలకు తాటించి, "సర్వెంట్లు ఎవరమ్మా? నెలనెలా బాడుగ కట్టినాము," అన్నది.

చివరిది వంటిల్లు. ఒక మూలగా, గోడకు ఆనుకుని, అర్ధచంద్రాకారపు బావి నోరు. మీద ఇనుప జాలీ. ఫలకం మీద ఆంగ్లంలో నాలుగు వరుసలున్నాయి, వెతికినా వాటిలో ఒక సమాపక క్రియ లేదు. స్థలం కలిసిరావడానికి బావిని సగమే కట్టారని దాని భావం. అక్క వంగి లోపలికి చూసి, "సగం కట్టిన బావి యాడన్నా ఉండాదా? తక్కిన సగం గోడకు అవతల ఉండాది. ఇది జాగా కోసం కాదమ్మా, మడి కోసం. వాళ్ళ చేద మేం ముట్టకూడదు. నీళ్ళు మాత్రం ఒకటే," అన్నది.

అవతల ఏమీ లేదని, కాఫీ హోటలు మాత్రమే ఉన్నదని మేఘన అన్నది. కార్యాలయానికి ఫోను చేస్తే, ఫలకం మార్చాలంటే లిఖితపూర్వకంగా అర్జీ పెట్టుకోవాలి, నివాసానికి ఆధారం జతచేయాలి అన్నారు. అరవై ఏడేళ్ళ కిందటి బాడుగ చీటీ ఎవరి దగ్గర ఉంటుంది? నాకు ఒళ్ళు మండిపోయి, ఇంక పోదాం రమ్మన్నాను. అక్క అప్పటికే పక్క సందులోకి దారి తీసింది.

హోటలు వంటమనిషి మదనపల్లె వైపువాడు. అక్క చెప్పినది విని, గోడవారగా ఉన్న పూలకుండీలను ఒక్కొక్కటే జరిపాడు. వాటి కింద చెక్కలు. చెక్కల కింద, తాడు ఒరుసుకుని గాట్లు పడిన రాతి అంచు, అవతలి దానికి సరిగ్గా జోడీగా. "అవ్వా, ఇన్నేండ్లూ నేను బావి పక్కన నిలబడి దోసెలు పోస్తా ఉండానా!" అన్నాడతడు బెదిరిపోయి. అక్క నా వైపు తిరిగి, "నువ్వు లోపలికి పోయి ఆ జాలీ కాడ నిలుచుకో," అన్నది. ఒకసారి బయటికి వస్తే టిక్కెట్టు చెల్లదని కాపలాదారు అడ్డగించాడు. మేఘన అతన్ని పక్కకు తప్పించింది.

జాలీ మీద వంగాను. చీకటిలో నుండి, నీళ్ళ మీదుగా, అక్క గొంతు నా చెవి పక్కనే ఉన్నంత స్పష్టంగా వచ్చింది. "పంకజా, ఏం వండినారే ఈపొద్దు?" "అక్కా, నేను శ్రీనివాసుణ్ణి," అన్నాను. బావి అంతా ఆమె నవ్వు. "తెలుసులేరా. పంకజ మనకు బాడుగకిచ్చిన ఇంటివాళ్ళ బిడ్డ, నా ఈడుదే. మన ఇంట్లో పొయ్యి వెలగని దినం నేను దీంట్లో చెప్తా ఉంటి. అది చేదలో అరిటాకు పొట్లం పెట్టి గోడ కిందికి దించి ఊపుతా ఉండె. నేను కొక్కెంతో పట్టుకుంటా ఉంటి. వాళ్ళమ్మకు తెలీదు, మనమ్మకూ తెలీదు." ఆ వెంటనే, "నాకు సగం, నీకు సగం. నువ్వు పెరుగన్నం అయితేనే తింటా ఉంటివి," అన్నది. నా పక్కన నిలబడిన మేఘన ఫోను కిందికి దించింది.

పన్నెండున్నర బృందాన్ని ఆ అమ్మాయి నేరుగా బావి దగ్గరికే తీసుకువచ్చి, "ఇది మడి కోసం కట్టిన గోడ," అని ఏదీ చూడకుండా చెప్పింది. అవతలి పక్క వంటమనిషి వేసిన కుర్చీలో కూర్చుని, అక్క మిగిలినది బావిలోకి చెప్పింది. ఫలకం మాత్రం అలాగే ఉన్నది. నేను అర్జీ రాసి ఇచ్చాను. నాలుగు వారాలలో పరిశీలిస్తారట. వారిని తిట్టుకుంటూ మెట్రో ఎక్కాను గాని, నేను మాత్రం ఏమంత నిజం చెప్పాను? బసవనగుడి బంగళాలో పుట్టానని పిల్లలకు ఎన్నిసార్లు చెప్పుకున్నానో! ఆ బంగళా నన్ను కన్నది వెనుక వరుసలో. సాకినది ఇద్దరు ఆడపిల్లలు, పెద్దవాళ్ళ కళ్ళు గప్పి. ఇంత జరిగినా ఎన్నడూ ఎత్తిచూపని అక్కను నేను భాష సరిలేదని విసుక్కుంటూ వచ్చాను.

వెళ్ళేవారికి ఒక్క సూచన: మ్యూజియానికి సోమవారం సెలవు, తక్కిన రోజులలో పదకొండు గంటల బృందానికే వెళ్ళండి, అప్పటికి హోటలులో రద్దీ ఉండదు, అడిగితే కుండీలు జరుపుతారు. ఇద్దరు వెళ్ళండి, ఒక్క టిక్కెట్టే కొనండి. ఒకరు జాలీ దగ్గర నిలబడాలి, ఒకరు సందులో. ఒక్కరే వెళితే ఆ బావిలో చూడవలసినది ఏమీ లేదు.