మూడు దగ్గులు

గంటకు మూడు వందల కిలోమీటర్ల వేగంతో దూసుకొస్తున్న రేసు కారును టైలరమ్మ ఒంటిచేత్తో ఆపింది. నమ్మనివాళ్ళు వెళ్ళి ఆమె నుదుటి మీది కుట్లు లెక్కపెట్టుకోవచ్చు. ఆరున్నాయి. అవి కారు వల్ల పడ్డవి కావు, మరిది కర్ర వల్ల పడ్డవి. అయినా ఆ కర్ర లేకపోతే ఈ కథే లేదు.

ఆమె ఇల్లు రేసు మైదానం నాలుగో మలుపుకు అవతల, కంచెకు ఇరవై అడుగుల దూరంలో. రేసు రోజుల్లో ఆ ఇంట్లో గిన్నెలు వాటంతటవే అరలు దిగి నడుస్తాయి. పొద్దున గోడకు కొట్టిన మేకు సాయంత్రానికి ఎదురింట్లో దొరుకుతుంది. ఆ గోడ వారగా ఇనుప మంచం మీద అత్త. నడుం పడిపోయి మూడేళ్ళయింది గానీ నోరు మాత్రం ఏ రేసుకైనా సిద్ధం. మంచానికి ఎదురుగా కుట్టుమిషను. మొగుడు లారీ మీద పోతే పది రోజులకు గానీ రాడు. మరిది మైదానం గేటు దగ్గర కాపలా. కంచె ఎక్కినవాణ్ణల్లా కాళ్ళు వాచేలా బాదడం అతని ఉద్యోగం, సరదా కూడా.

పదకొండేళ్ళుగా మిషను తొక్కుతూ టైలరమ్మ కార్ల గొంతులు బట్టీ పట్టేసింది. మలుపు ముందు వేగం తగ్గించుకుంటూ ప్రతి కారూ మూడుసార్లు దగ్గుతుంది. దగ్గిందంటే తిరిగినట్టే. దగ్గలేదంటే నేరుగా ఇంటి మీదికి వస్తున్నట్టు.

శుక్రవారం, రేసుకు ముందు సాధన పరుగుల్లో, ఒక కారు దగ్గలేదు.

టైలరమ్మ జాకెట్టు చేతిని సూది కిందే వదిలేసి, ఒక్క గెంతులో అత్త చెయ్యి పట్టి కిందికి ఈడ్చింది. ముసలి ఎముక ఎండుపుల్లలా ఫటుక్కుమంది. గోడ మాత్రం చెక్కుచెదరలేదు. కారు మలుపు పక్కన ఇసుకలో దిగబడి ఆగిపోయింది.

"చంపేస్తోందిరోయ్! పట్టపగలు చంపేస్తోంది!" అత్త కేకకు ఆ రోజు ఇంజన్లే సిగ్గుపడ్డాయి.

భోజనానికి వచ్చిన మరిది గుమ్మంలోనే కర్ర ఎత్తాడు. మొదటి దెబ్బకు నుదురు చిట్లింది. రెండోది వీపు మీద దిగింది.

"కారు దగ్గలేదయ్యా," అంది టైలరమ్మ, కళ్ళలోకి కారుతున్న నెత్తురు తుడుచుకుంటూ.

"దగ్గకపోతే మందు పొయ్యి! మా అమ్మ చెయ్యెందుకు విరిచావ్?"

"మంచం గోడ దగ్గర్నుంచి జరుపుదామని ఏడాదిగా మొత్తుకుంటున్నా."

"జరగను," మూలుగుతూనే అంది అత్త. "నా మొగుడు కట్టిన గోడ. చల్లగా ఉంటుంది."

"విను వదినా. ఇంకోసారి మా అమ్మ మీద చెయ్యి పడిందా, ఆ చెయ్యి నరుకుతా. అన్నయ్యతో చెప్పి ఇంట్లోంచి గెంటిస్తా."

అత్తాకోడళ్ళిద్దరూ ఒకే ఆటోలో ఆసుపత్రికి వెళ్ళారు. ఒకరికి కట్టు, ఒకరికి కుట్లు.

శనివారమంతా టైలరమ్మ అత్త పక్కదుప్పటికి, తలవైపు, మందపాటి పరదా గుడ్డతో రెండు పిడులు కుట్టింది. ఒక్కోదానికి ఏడు వరసలు. చెయ్యి పట్టి లాగితే చెయ్యే వస్తుంది. దుప్పటి పట్టి లాగితే మనిషి మొత్తం వస్తుంది.

"ఏమిటే అది? నాకు పాడె కడుతున్నావా?"

"మీ నోటిని మోసే పాడె ఇంకా పుట్టలేదు, అత్తయ్యా."

ఆదివారం అసలు రేసు. మరిది సెలవు పెట్టి, కర్ర ఒళ్ళో పెట్టుకుని మంచం పక్కనే స్టూలు వేసుకున్నాడు. కంచె కాపలా పోయి వదిన కాపలా వచ్చింది.

ముప్ఫయ్యో చుట్టులో రెండు కార్లు రాసుకుంటూ వచ్చాయి. ఒకటి దగ్గింది. రెండోది దగ్గలేదు.

మిషను మీద కాలు ఆగింది. పొరపాటయితే చెయ్యి పోతుంది, ఇల్లు పోతుంది. ఊరుకుంటే అత్త పోతుంది.

లేచింది. కర్ర భుజం మీద ఫెళ్ళున పడింది. ఆమె తల వంచి, కుట్లున్న ఆ నుదుటితోనే మరిది పొట్టలో కుమ్మింది. కుట్లు తెగాయి. అతను స్టూలుతో సహా గుమ్మం దగ్గర వెల్లకిలా పడ్డాడు. ఆమె మంచం కోడుకు కాలు తన్నిపట్టి, రెండు పిడులూ పట్టి లాగింది. అత్త దుప్పటితో సహా, తిట్లతో సహా జారివచ్చి మిషను కిందికి చేరింది.

గోడ పేలింది.

కారు నుంచి ఊడిన చక్రం కంచె మీదుగా ఎగిరి, గోడను బద్దలుకొట్టి, ఇనుప మంచాన్ని నడిమికి విరిచి, పొగలు కక్కుతూ అందులోనే కూలబడింది. తలగడ దూది గదంతా ఎగిరింది. బయట ఇంజన్లన్నీ ఒక్కసారిగా ఆగిపోయాయి.

"నా గోడ!" అంది అత్త మిషను కిందినుంచి.

మరిది కర్రకేసి చూశాడు, వదిన నుదుటికేసి చూశాడు. కర్రను మెల్లగా గుమ్మం బయట పెట్టి వచ్చి, ఇటుకలు తీయడం మొదలుపెట్టాడు.

మర్నాటి నుంచి గేటు దగ్గర అడిగినవాడికీ అడగనివాడికీ చెప్పడమే అతని పని. చెప్పేకొద్దీ చక్రానికి కారు అతుక్కుంది, కారులోకి మనిషి ఎక్కాడు, మంచం, దుప్పటి మాయమై వదిన చెయ్యి ఒక్కటే మిగిలింది. జాకెట్టు కొలతలివ్వడానికి వచ్చినావిడ, ఆ కథ విని, నిజమేనా అని అడిగింది. టైలరమ్మ టేపు ఆవిడ భుజం మీద పెట్టి అంది:

"కారు కాదు, ఊడిన చక్రం. ఆపింది మంచం. నేను దుప్పటి లాగానంతే. చెయ్యి దించండి."